కదలని పంచమం

25 ఆగస్టు 2024, ఆదివారం

ఉకులేలేలో నాకు ఇంకా కొరకరాని కొయ్యగా మిగిలింది ఈ (E) మేజర్ కార్డ్ ఒక్కటే. సీ, ఎఫ్, జీ, ఏ మైనర్ కళ్లు మూసుకున్నా పడతాయి. బీ ఫ్లాట్ కొన్నాళ్లు సతాయించి లొంగింది. ఈ మేజర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాట ఆగిపోతుంది. వేళ్లు సర్దుకుని, నొక్కి, మీటేలోపు గొంతు పల్లవి దాటి వెళ్లిపోయి ఉంటుంది.

పుస్తకాల్లో దాన్ని 4442 అని రాస్తారు. గడ్డం వైపున్న తీగ నుంచి ఒడి వైపుకి చదువుకోవాలి. మూడు తీగలు నాలుగో మెట్టు దగ్గర నొక్కాలి, ఆఖరిది రెండో మెట్టు దగ్గర. రాసింది చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. నాది కాన్సర్ట్ సైజు, తీగ పలికే పొడవు 15 అంగుళాలు. ఆ లెక్కన మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య చోటు 18 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూశాను, అంతే ఉంది. అందులో నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు మూడూ ఇరుక్కోవాలి. అదే సమయంలో చూపుడు వేలు రెండు మెట్లు వెనక్కి సాగి ఆఖరి తీగను పట్టాలి.

ఇంకో పద్ధతి ఉంది. ఉంగరపు వేలిని పట్టీలా పరిచి మూడు తీగల్నీ ఒక్క వేలితోనే నొక్కడం. అయితే ఆ వేలి చివరి కణుపు వెనక్కి వంగాలి. లేకపోతే ఆఖరి తీగను కూడా తాకి, 4442 కాస్తా 4444 అయిపోతుంది. అది ఈ సిక్స్. వినడానికి తియ్యగానే ఉంటుంది గానీ మనకు కావలసింది అది కాదు. మావాడి వేలు అనాయాసంగా వంగుతుంది. నాది వంగదు.

"అమ్మా, అందరూ దాని బదులు ఈ సెవెన్ వాయించేస్తారు. నువ్వూ వాయించెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు వాడు.

నాకు తెలుస్తుంది కదా అనబోయాను. నిజంగా తెలుస్తుందా అన్నది ముందు చూసుకోవాలి.

1 సెప్టెంబరు, ఆదివారం

రాత్రి నుంచి ఒకటే వాన. బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగాయని పొద్దుటి నుంచీ టీవీలో అదే. సింగ్‌నగర్‌లో ఉన్న పెద్దమ్మవాళ్లు పై అంతస్తులోకి మారారట. మధ్యాహ్నానికి గానీ ఫోను కలవలేదు. ఇక్కడ హైదరాబాద్‌లో రేపు బడులకు సెలవిచ్చారు. సుందరయ్య పార్కులో నడకకు వెళ్లేవాళ్లెవరూ ఇవాళ గడప దాటలేదు.

గాలిలో తడికి శ్రుతి నిలవట్లేదు. బిరడాలు తిప్పడం, మీటడం, మళ్లీ తిప్పడం. కాస్త కుదిరాక ఈ మేజర్‌నూ ఈ సెవెన్‌నూ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా వాయించి విన్నాను. పాట లేదు, తాళం లేదు, ఆ రెండే.

తేడా తెలుస్తోంది. ఈ సెవెన్ మీటి ఆపేస్తే తిన్నగా కూర్చోనివ్వదు. వాక్యం మధ్యలో ఎవరో లేచి వెళ్లిపోయినట్టుంటుంది. ఈ మేజర్ అంత తొందర పెట్టదు, నిలబడుతుంది. మరి పాటలో ఒకదాని బదులు ఇంకొకటి పెడితే పాట మారదా?

4 సెప్టెంబరు, బుధవారం

చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకుని వదిలేసిన సంగీతం ఇన్నేళ్లకు అక్కరకొచ్చింది. కార్డ్ పేర్లు పక్కన పెట్టి స్వరాలు రాసుకుంటున్నాను.

ఉకులేలే తీగలు నాలుగు: జీ, సీ, ఈ, ఏ. సీని షడ్జమం అనుకుంటే ప, స, గ, ద. ఏ వేలూ పెట్టకుండా ఊరికే మీటితే వినిపించేది మోహన, రిషభం ఒక్కటే తక్కువ. పడమటి వాళ్లు ఆ నాలుగు స్వరాలనే ఒకసారి సీ సిక్స్ అంటారు, ఇంకోసారి ఏ మైనర్ సెవెన్ అంటారు. మొదటి వేలు పెట్టకముందే వాద్యం మనకు తెలిసిన రాగం వైపు ఒరిగి ఉందన్న మాట.

ఇప్పుడు ఏని షడ్జమం చేసుకుందాం. ఆరు శ్రుతి. నాది ఐదున్నర, అయినా ఫరవాలేదు, అందుతుంది. ఏ మైనర్‌లో ఉండేవి స, గ, ప. ఈ మేజర్‌లో ఉండేవి ప, ని, రి. ఇందులో నిషాదం కాకలి నిషాదం. మిగతా స్వరాలు కూడా కలుపుకుంటే కీరవాణి, 21వ మేళకర్త. త్యాగరాజస్వామి 'కలిగియుంటే గదా' రాగం.

ఈ సెవెన్ అంటే ఆ ప, ని, రిలకు మధ్యమం చేర్చడమే. 1202 పట్టులో తీగల వరసన ని, మ, ప, రి. అక్కడి నుంచి ఏ మైనర్‌కు, అంటే 2000కు వెళ్తే స, గ, ప, స. ఒక్కొక్క తీగా విడిగా మీటి చూశాను. నిషాదం ఒక మెట్టు ఎక్కి షడ్జమం అవుతోంది. మధ్యమం గాంధారానికి దిగుతోంది. పంచమం ఉన్నచోటే ఉంది. రిషభం షడ్జమానికి దిగుతోంది. నాలుగు తీగలకూ నాలుగు గమ్యాలు, ఒక్కటీ దూరం కాదు. ఈ సెవెన్ ఎందుకు సులువో తెలిసింది. వేళ్లు సుఖంగా కూర్చోవడం ఒక్కటే కారణం కాదు, వెళ్లవలసిన ఇల్లు పక్కనే ఉంది.

ఇదే లెక్క 4442కు వేస్తే కుదరడం లేదు. రి, ప, ని, రి. అక్కడి నుంచి 2000కు దిగాలంటే చెయ్యి మొత్తం కిందికి దూకాలి. మూడో తీగలోని నిషాదం షడ్జమం వైపు చూస్తుంటే, నేను దాన్ని పంచమంలో పడేస్తున్నాను.

8 సెప్టెంబరు, ఆదివారం

నిన్నటి నుంచీ వీధి చివర వినాయకుడి పందిరి. పొద్దున్న సుప్రభాతంతో మొదలైన మైకు రాత్రి దాకా ఆగదు. ఒళ్లో ఉన్న ఉకులేలే నాకే వినపడట్లేదు.

వినపడకపోవడమూ ఒకందుకు మంచిదే. మీటకుండా ఎడమ చేతిని మాత్రం సాధన చేస్తున్నాను. వేళ్లు పట్టులో పెట్టడం, తీగల మీదే ఉంచి వదులు చేయడం, మళ్లీ బిగించడం. నొక్కడానికి నేను వాడుతున్న బలంలో సగం కూడా అక్కర్లేదని ఈ మూగ సాధనలోనే తెలిసింది. మెట్టుకు ఆనుకుని నొక్కితే తీగ ఇట్టే లొంగుతుంది. రెండు మెట్ల నడుమ నొక్కితేనే వేలి కొనలు కందిపోతాయి. ఇంకోటి, బొటనవేలు మెడ వెనక పైకి పాకితే మిగతా వేళ్లు పొట్టివైపోతాయి. దాన్ని మెడ నడిమికి దించితే చిటికెన వేలు అందుకుంటోంది.

పని మీద కిందికి దిగితే వాచ్‌మన్ అడిగాడు: "మేడమ్, గిటారు నేర్సుకుంటున్నరా? శిన్నగున్నది గదా, పిల్లలదా?" పెద్దవాళ్లదే అన్నాను. నమ్మినట్టు లేదు.

13 సెప్టెంబరు, శుక్రవారం

ఆఫీసు నుంచి వస్తూ చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో కాసేపు కూర్చున్నాను. వచ్చే నెల 21 నుంచి గ్రూప్-1 మెయిన్స్. అశోక్‌నగర్ గదుల్లోంచి వచ్చిన పిల్లలతో లోపల కుర్చీ దొరకదు, బయట మెట్ల మీదా చెట్ల కిందా కూడా వాళ్లే. పేజీ తిప్పితే తల ఎత్తి చూస్తారు. నా నోటుపుస్తకంలో 4442, 1202 అని అంకెలు చూసి పక్కనున్న అమ్మాయి అరిథ్‌మెటిక్ అనుకుంది.

ఉకులేలే పుట్టుక నోట్ చేసుకోవాలి. 1879 ఆగస్టులో మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికోసం పోర్చుగీసు కుటుంబాలు రావెన్‌స్‌క్రాగ్ అనే ఓడలో హొనొలులు చేరాయి. అందులో ముగ్గురు వడ్రంగులు: మాన్యువల్ నూనెష్, ఔగుస్తో దియష్, జొజే దో ఎస్పిరితు సాంతు. తోట పని ఒప్పందం తీరాక వాళ్లు కొయ్యపనికి తిరిగొచ్చి, తమ ఊరి చిన్న తంత్రీవాద్యం మషేతెను అక్కడి కొయ్యతో చేసి అమ్మారు. హవాయి రాజు కలాకౌవా దాన్ని ఆదరించి దర్బారుకు తెచ్చాడు. సోలోగా వాయించడానికి కాదు, పాడేవాళ్లకు తోడుగా పెరిగిన వాద్యం. కాబట్టే దీని ప్రాణం కార్డ్‌లో ఉంది.

19 సెప్టెంబరు, గురువారం

మాండలిన్ శ్రీనివాస్ పోయి ఇవాళ్టికి సరిగ్గా పదేళ్లు. 45 ఏళ్లకే. రాత్రి భోజనాలయ్యాక ఆయన రికార్డింగులు పెట్టుకుని కూర్చున్నాను. నిమజ్జనం మొన్ననే అయిపోయింది, వీధి నిశ్శబ్దంగా ఉంది.

1969లో పాలకొల్లులో పుట్టిన పిల్లవాడు తండ్రి మాండలిన్ ఎత్తుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది తీగ మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్.

మామూలు మాండలిన్‌కు జంట తీగలు, నాలుగు జతలు. వాటి మీద గమకం లాగడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఒంటి తీగలు వేసుకుని, అయిదో తీగ కూడా చేర్చుకున్నారు. పడమటి వాళ్లు కార్డ్‌ల కోసం, ట్రెమోలో కోసం వాడిన పెట్టె మీద ఆయన ఒక్క స్వరాన్ని పట్టుకుని ఎంత దూరమైనా నడిపించారు.

నేను చేస్తున్నది అందుకు పూర్తిగా ఎదురు దారి. అయినా ఆయన దగ్గర నేర్చుకోదగ్గది ఒకటుంది. చెయ్యి ఎక్కడికి వెళ్లాలో గురువు గొంతు ముందు చెప్పింది, వేళ్లు ఆ తర్వాత దారి వెతుక్కున్నాయి. నేను పటంలో చుక్కలు చూసి వేళ్లు పెడుతున్నాను. పాడుతూ పెట్టలేదు ఎప్పుడూ.

22 సెప్టెంబరు, ఆదివారం

పక్క వాటాలో ఉండే వీణ టీచరుగారు పిలిచారు. విజయనగరం వైపు వారు. గోడకు ఆనించి బొబ్బిలి వీణ, చాప మీద ఇద్దరు చిన్నపిల్లలు సరళీ వరసలు సాధన చేస్తున్నారు.

"అమ్మాయ్, రోజూ సాయంత్రం కీరవాణి నిషాదం వినపడుతోంది మీ ఇంట్లోంచి. షడ్జమం చేరకుండానే ఆగిపోతోంది. రాత్రంతా అది నన్ను వదలడం లేదు," అన్నారు.

ఉకులేలే తెచ్చి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "మాకూ వాయించే తీగలు నాలుగే. ఎడమ చేతికి రెండు వేళ్లు చాలు. నీకు నాలుగూ కావాలా?" అని నవ్వారు. ఈ మేజర్ వాయించమన్నారు. కష్టపడి వాయించాను.

"ఇందులో షడ్జమం ఏదీ?"

"లేదండీ. ప, ని, రి అంతే."

"తంబురాలో షడ్జమం ఒక్క క్షణం కూడా పోదు. మేం ఎక్కడ తిరిగినా నేల అక్కడే ఉంటుంది. నువ్వు నేలనే తీసేస్తున్నావే!"

"కాసేపే తీస్తానండీ. మళ్లీ తెచ్చి పెడతాను. తియ్యకపోతే తిరిగి రావడంలో రుచి ఉండదట వాళ్లకి."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "సరే, తీశావు. తిరిగి వచ్చే దారేదీ? స్వరాలన్నీ పేర్చినంత మాత్రాన కీరవాణి అవదు. సంచారం ఉండాలి. ఈ స్వరం దేని నుంచి వచ్చింది, దేనికి పోతోంది. నువ్వు ఆ ఒక్క మెట్టునే పట్టుకుని వేలాడుతున్నావు. దాని తర్వాతది కలిపి సాధన చెయ్యి," అన్నారు.

చాప మీది చిన్నది తల ఎత్తి, "ఆంటీ, దీనికి మైనం లేదేంటి?" అంది. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి. ఇక్కడ కొయ్యలో దిగ్గొట్టిన తీగముక్కలు.

24 సెప్టెంబరు, మంగళవారం

దొరికింది!

4442 రి, ప, ని, రి కదా. సంచారం అంటే ప్రతి స్వరాన్నీ దానికి దగ్గరి గమ్యానికి పంపడం. పాడుతూ ఒక్కో తీగా చూశాను. నిషాదం ఒక మెట్టు ఎక్కితే షడ్జమం. రిషభం ఒక మెట్టు ఎక్కితే గాంధారం, కీరవాణిలో గాంధారం సాధారణం కాబట్టి రిషభానికి ఆనుకునే ఉంటుంది. రెండు రిషభాలూ ఎక్కాయి, నిషాదం ఎక్కింది, పంచమాన్ని ముట్టుకోలేదు. వచ్చింది 5453. గ, ప, స, గ. ఏ మైనర్!

అంటే ఈ మేజర్‌కు వెళ్లవలసిన ఇల్లు కింద కాదు, పైన ఉంది. ఒక్క మెట్టు పైన.

వేళ్ల సంగతి. పై తీగ మీద ఉంగరపు వేలు, రెండో దాని మీద నడిమి వేలు, మూడో దాని మీద చిటికెన వేలు, ఆఖరి తీగ మీద చూపుడు వేలు. నడిమి వేలు పంచమం మీద ఉంది, కదలదు. మిగతా మూడూ ఒక్కో మెట్టు ముందుకు జరుగుతాయి. జరిగాక 18 మిల్లీమీటర్ల ఇరుకు కూడా ఉండదు, వేళ్లు వాటంతటవే విడిపోయి హాయిగా కూర్చుంటాయి. అక్కడి నుంచి అదే దారిన వెనక్కి జరిగితే ఈ మేజర్ తిరిగొస్తుంది. ఇన్నాళ్లూ ఎక్కడి నుంచో ఎగిరొచ్చి ఆ పట్టులో వాలాలని చూశాను. పక్కింటి నుంచి నడిచొస్తే తలుపు తీసే ఉంది.

షడ్జమ పంచమాలు అచల స్వరాలని చిన్నప్పుడు వల్లె వేయించారు. ఇక్కడ షడ్జమం పోయి వస్తుంది, పంచమం ఒక్కటే కదలకుండా కాపు కాస్తుంది. టీచరుగారికి చెప్తే ముందు "అబ్బో" అన్నారు. తర్వాత మళ్లీ వాయించమన్నారు.

29 సెప్టెంబరు, ఆదివారం

మావాడి ప్రశ్నకు జవాబు దొరికింది. వాడు మరిచిపోయాడు గానీ నేను రాసుకోవాలి.

4442 నుంచి 5453కు వెళ్తే కదిలేవన్నీ పైకే. రిషభం గాంధారానికి, నిషాదం షడ్జమానికి. 1202 నుంచి 2000కు వెళ్తే నిషాదం ఒక్కటే ఎక్కుతుంది, మధ్యమమూ రిషభమూ దిగుతాయి. అంటే ఈ మేజర్‌ది ఆరోహణ స్వభావం, ఈ సెవెన్‌ది అవరోహణ స్వభావం. గొంతు పైకి పోయేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకొకటి.

సరళీ వరస పాడుతూ చూశాను. స రి గ మ కింద ఏ మైనర్. ప ద ని కింద ఈ మేజర్. పై షడ్జమం అందగానే 5453. తిరుగుదారిలో స కింద అదే ఉంచి, ని ద ప కింద మళ్లీ ఈ మేజర్. మధ్యమం రాగానే ఈ సెవెన్, గాంధారానికి 2000. రి దగ్గర మళ్లీ ఈ సెవెన్, స దగ్గర 2000. గొంతుతో పాటు చెయ్యి మెడ మీద ఎక్కి దిగుతోంది. ధైవతం దగ్గర కాస్త ఒరుసుకుంటుంది, కార్డ్‌లోని పంచమానికి అది ఆనుకునే ఉంటుంది కదా. ఆగకుండా దాటేస్తే బాగానే ఉంది. ఆగితే గుచ్చుకుంటుంది.

ఈ సెవెన్ సులువు కాబట్టి వాయించడం వేరు, అక్కడ మధ్యమం దిగాలి కాబట్టి వాయించడం వేరు. వినేవాళ్లకు తేడా తెలిసినా తెలియకపోయినా చెయ్యికి తెలుస్తోంది.

6 అక్టోబరు, ఆదివారం

బతుకమ్మ రోజులు. సాయంత్రం అపార్టుమెంటు ముందు తంగేడు, గునుగు, బంతి పేర్చి ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరిగాం. మధ్యలో పువ్వులు, చుట్టూ మనం. ఎవరో ఉకులేలే తెమ్మన్నారు. తేలేదు. ఈ పాటకు చప్పట్లే సరి, కార్డ్ పెడితే అడ్డం.

రాత్రి టీచరుగారు ఒక సందేహం తీర్చమన్నారు. నా నిషాదం కాస్త కిందుగా వినపడుతోందట, తాను వాయించే కాకలి నిషాదం షడ్జమానికి ఇంకా దగ్గరగా ఉంటుందట. ఉకులేలేలో ఒక స్థాయిని 12 సమభాగాలు చేసి మెట్లు బిగించేస్తారు, జరపడానికి లేదని చెప్పాను. వీణ మీద తీగను పక్కకు లాగి నిషాదాన్ని ఊపి చూపించారు. నైలాన్ తీగ అంత లాగితే వచ్చేది ఆవగింజంత. ఒప్పుకోవలసిందే. గమకం ఆవిడది, సంచారంలో నా వాటా కార్డ్ మార్చడం వరకే.

12 అక్టోబరు, శనివారం, విజయదశమి

పొద్దున్నే టీచరుగారింట్లో వీణ పక్కనే ఉకులేలేను కూడా పీట మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టారు. కొత్తగా చేరిన పిల్లలకు ఇవాళ తొలి పాఠం. పాతవాళ్లతో కీరవాణి సరళీ పాడించి నన్ను వాయించమన్నారు. ఆరు శ్రుతి పిల్లలకు సరిపోయింది. మొదటి కాలంలో అన్ని కార్డ్‌లూ పడ్డాయి. రెండో కాలంలో ఈ మేజర్ నుంచి ఈ సెవెన్‌కు దిగేచోట చెయ్యి వెనకబడింది. పిల్లలు ఆగలేదు, పాడుతూ పోయారు. పై షడ్జమం దగ్గర వాళ్లను అందుకున్నాను.

టీచరుగారు ప్రసాదం పెడుతూ, "ఇది బాగానే ఉంది గానీ, కీరవాణి పిల్లలకు ఎప్పుడో గానీ రాదు. కల్యాణికి ఏమైనా చూడు," అన్నారు.

ఇంటికొచ్చి చూశాను. సీ షడ్జమం అయితే ప్రతి మధ్యమం కోసం డీ మేజర్ కావాలి, 2220. ఒకే మెట్టులో మళ్లీ మూడు వేళ్లు, ద, రి, మ. ఆఖరి తీగ ఖాళీగా ధైవతం. వేళ్ల సంగతి తర్వాత, అది ఎక్కడికి పోతుందో ముందు చూడాలి. జీ మేజర్‌కు, 0232. మధ్యమం పంచమానికి ఎక్కుతుంది, పై తీగలోని ధైవతం పంచమానికి దిగుతుంది, ఆఖరి తీగది నిషాదానికి ఎక్కుతుంది. ఈసారి కదలనిది రిషభం, రెండో తీగ రెండో మెట్టు. రేపు ఆ వేలు అక్కడ ఉంచి మిగతావి మొదలుపెట్టాలి.